నలభై ఎనిమిది గిన్నెల పారబోత

ఆ విశ్వవిద్యాలయంలో గాజు ద్రవపదార్థమైనది మార్చి రెండవ తేదీ ఉదయం పదకొండు గంటల నుంచి. ఒకటవ తేదీ సాయంత్రం కార్యాలయం మూసేవరకు అది ఘనపదార్థంగానే ఉండేది. మార్పు ఇంత హఠాత్తుగా జరిగినా ఏ భవనంలోనూ ఒక్క కిటికీ అద్దమైనా కారిపోలేదు. తాము తీసుకున్న ముందుజాగ్రత్త చర్యలే దీనికి కారణమని రిజిస్ట్రారు కార్యాలయం వార్షిక నివేదికలో రాసుకుంది.

ఈ సంగతి అర్థం కావాలంటే అంతకు ముందు ఏడాది జరిగిన సాంబారు ఉదంతం తెలియాలి. పరీక్షల విభాగంలో ఒక ఉద్యోగి మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా అడుగు గిన్నె చేజారి, అందులోని ములక్కాడల సాంబారు రెండు వందల పద్నాలుగు జవాబు పత్రాల మీద ఒలికింది. చదవడానికి వీలుకాని ఆ పత్రాలకు సగటు మార్కులు వేశారు. ఫలితాలు వచ్చాక చూస్తే సాంబారు పడిన పత్రాల ఉత్తీర్ణత, పడనివాటి కంటే పద్దెనిమిది శాతం ఎక్కువగా తేలింది. తరువాతి పరీక్షల్లో కొందరు విద్యార్థులు తమ పత్రాల మీద తామే మంచినీళ్ళు చల్లుకోవడం గమనించిన పాలకమండలి, ఇక ఉపేక్షించరాదని నిర్ణయించి, ఇరవై తొమ్మిది ద్రవ నియంత్రణ నిబంధనలను ఆమోదించింది. ప్రతి ద్రవమూ మూత ఉన్న పాత్రలోనే ఉండాలి. పాత్ర మీద ద్రవం పేరు, తెచ్చిన తేదీ రాసిన చీటీ ఉండాలి. వారానికొకసారి మట్టం కొలవాలి. ఒక ద్రవంలో మరో ద్రవాన్ని నిల్వ చేయరాదు. రెండేళ్ళు దాటిన ద్రవాన్ని పారబోయాలి.

వీటి అమలుకు ద్రవ నియంత్రణాధికారి అనే పదవిని సృష్టించి, అందులో మేడిశెట్టి భూషణాన్ని నియమించారు. ఆయన ఇరవై ఏడేళ్ళు పరీక్షల విభాగంలో పనిచేసి, ఒక్క మార్కుల జాబితాలోనూ ఒక్క తప్పు దొర్లనివ్వని మనిషి. నిబంధన తప్పయితే అది రాసినవారి బాధ్యత, అమలు తప్పయితే తన బాధ్యత అని ఆయన నమ్మకం. ఇంత నిజాయితీ గల మనిషి చేతిలో పడబట్టే ఆ నిబంధనలు అంత దూరం వెళ్ళగలిగాయి.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన విజ్ఞాన దినోత్సవం జరిగింది. ముఖ్య అతిథిగా వచ్చినాయన ఊరూరా తిరిగి యువతకు ఉత్తేజం కలిగించే వక్త. ఆయన వేదిక మీది మంచినీళ్ళ గ్లాసును చేతిలోకి తీసుకుని, అందులోని నీళ్ళను కాదు, గ్లాసునే చూపించారు.

"దీన్ని మీరంతా ఘనపదార్థం అనుకుంటున్నారు. కాదు. ఇది ద్రవం. అతి నెమ్మదిగా ప్రవహిస్తూ ఉంటుంది. పాత భవనాల్లో అద్దాలు అడుగున మందంగా ఉంటాయి, గమనించండి. మనిషి కూడా గాజులాగే నిశ్శబ్దంగా ప్రవహించాలి."

సభ చప్పట్లతో మార్మోగింది. మొదటి వరుసలో కూర్చున్న రిజిస్ట్రారు, ఆచార్య వేమవరపు దక్షిణామూర్తి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆయన ప్రభుత్వ పాలనాశాస్త్రంలో పండితులు. విజ్ఞానశాస్త్రమంటే ఆయనకు అపారమైన గౌరవం. గౌరవించేవాటికి ఎప్పుడూ కొంచెం దూరంగా ఉండటం ఆయన అలవాటు.

తొమ్మిదవ వరుసలో ఆచార్య పాలంకి హైమవతి కూర్చుని ఉంది. భౌతికశాస్త్ర విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేస్తున్నది ఒకే పని: గాజులో అణువులు ఎలా కంపిస్తాయి, వేడిని ఎలా దాచుకుంటాయి అన్నది కొలవడం. ఏటా మొదటి సంవత్సరం విద్యార్థులకు ఆమె చెప్పే మొదటి పాఠం, గాజు ద్రవం కాదన్నదే. ఆమె చెయ్యి ఎత్తబోయింది. ఇంతలో వందన సమర్పణ మొదలైంది. వందన సమర్పణ మొదలయ్యాక సత్యం చెప్పే ఆనవాయితీ ఆ ప్రాంగణంలో లేదు. ఆమె చెయ్యి దించుకుంది. తరువాత జరిగినదంతా తలచుకున్నప్పుడు ఆ చెయ్యి దించిన క్షణమే ఆమెకు ఎక్కువ బాధ కలిగించేది.

మార్చి రెండున వెలువడిన ఉత్తర్వు ఇలా ఉంది:

"ఇందుమూలముగా సమస్త విభాగాధిపతులకు తెలియజేయునది ఏమనగా, గాజు అనునది శాస్త్రీయముగా ద్రవపదార్థమని ప్రముఖ వక్తలచే బహిరంగముగా నిర్ధారింపబడినందున, మరియు ద్రవ నియంత్రణ నిబంధనలలో గాజునకు మినహాయింపు ఎచ్చటను కనబడనందున, నేటి నుండి విశ్వవిద్యాలయ పరిధిలోని సమస్త గాజు ద్రవముగా పరిగణింపబడును. ఘనముగా భావించి వ్యవహరించువారిపై తగు చర్య తీసుకొనబడును."

మర్నాటి నుంచి భూషణం పని మొదలుపెట్టాడు. ప్రతి కిటికీ కింద రేకు పళ్ళెం పెట్టించాడు. ప్రతి అద్దానికీ చీటీ అంటించాడు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని ఉష్ణమాపకాలను చూసి కొంతసేపు నిలబడిపోయాడు. మూతలేని గాజు అనే ద్రవంలో పాదరసమనే ద్రవం నిల్వ ఉంది. ఒకే వస్తువు రెండు విధాల ఉల్లంఘన. వాటిని సంచిలో కట్టి సీలు వేయించాడు.

క్యాంటీన్‌లో గాజు గ్లాసుల్లో టీ ఇవ్వడం అదే కారణంతో ఆగిపోయింది.

"టీ ఇవ్వచ్చండి, గ్లాసిద్దామన్నా ఇవ్వచ్చండి. రెండూ కలిపిస్తేనే కేసంట," అని క్యాంటీన్ యజమాని ప్రతి ఒక్కరికీ ఓపికగా వివరించేవాడు.

పరీక్షల విభాగంలో సీనియర్ సహాయకురాలు వనజాక్షి చేతులకు డజను గాజులున్నాయి. అవి మూతలేని ద్రవం కిందికి వస్తాయని భూషణం ఆమెకు తెలియజేశాడు.

"అయితే చేతికి మూత పెట్టుకోమంటారా భూషణం గారూ?" అని ఆమె అడిగింది.

"పెట్టుకోమనే నిబంధన చెబుతోందమ్మా."

"ఇరవై ఏళ్ళుగా ఈ చేతులతోనే మీ ఫైళ్ళు మోశాను. ఒక్క చుక్క కారిందేమో చూపించండి."

ఆయన ఆ వాదనలోని బలాన్ని గుర్తించాడు. అయినా నిబంధనకు చుక్కతో పనిలేదు. రెండు రోజులు ఆలోచించి, మణికట్టు వరకు ఉండే పొడుగు చేతుల రవికను మూతగా పరిగణించవచ్చునని ఒక వివరణ ఇచ్చాడు. వేసవి మొదట్లో వచ్చిన ఈ వివరణకు మహిళా ఉద్యోగుల నుంచి కృతజ్ఞతలు అందలేదు.

ఆయన తన కళ్ళజోడుకు కూడా మినహాయింపు ఇచ్చుకోలేదు. చీటీ రాసి కాడకు కట్టుకున్నాడు. ప్రతి సోమవారం జోడు తీసి బల్ల మీద పెట్టి, అద్దాల మట్టం కొలిచేవాడు. జోడు తీశాక కొలబద్ద మీది అంకెలు కనిపించేవి కావు గనుక వనజాక్షి చదివి చెప్పేది.

మూడు వారాల్లో ప్రాంగణంలోని వెయ్యిన్నీ నాలుగువందల పన్నెండు కిటికీ అద్దాలను ఆయన పైఅంచునా, అడుగునా కొలిచాడు. ఆరు వందల పదకొండు అద్దాలు అడుగున మందంగా ఉన్నాయి. ఐదు వందల తొంభై ఎనిమిది పైన మందంగా ఉన్నాయి. మిగతా రెండు వందల మూడు సమానంగా ఉన్నాయి. మరొకరైతే ఇక్కడ ఆగి ఆలోచించేవారు. ఆయన మొదటి రకానికి ఎదురుగా "దిగువకు ప్రవాహము" అనీ, మూడవ రకానికి "నిలకడ" అనీ, రెండవ రకానికి "ఎగువకు ప్రవాహము" అనీ రాసి పైకి పంపాడు. ఎగువకు ప్రవాహం మీద అధ్యయనానికి రిజిస్ట్రారు ఒక ఉపసంఘాన్ని వేశారు.

ఆ ఉపసంఘం వార్త వినగానే హైమవతి రిజిస్ట్రారు గదికి వెళ్ళింది.

"రండమ్మా, కూర్చోండి. మీ శాస్త్రానికి ఈ విశ్వవిద్యాలయంలో ఇంత ప్రాధాన్యం ఎన్నడైనా వచ్చిందా?" అని ఆయన సంతోషంగా అడిగారు.

"రాలేదండి. కానీ గాజు ద్రవం కాదండి. పాత రోజుల్లో అద్దాన్ని ఒకే మందంలో తయారుచేయడం చేతనయ్యేది కాదు. బిగించేవాళ్ళు మందపు అంచును కొన్నిసార్లు కిందకు పెట్టారు, కొన్నిసార్లు పైకి పెట్టారు. అంతే. ప్రవాహమేమీ లేదు."

"మరి ముఖ్య అతిథి గారు చెప్పింది?"

"పొరబాటండి."

"ముఖ్య అతిథి పొరబడటానికి మన నియమావళిలో అవకాశం లేదమ్మా. సరే, నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. గాజంటే ఏమిటి?"

హైమవతి చేతిసంచి తెరిచి ఒక పటికబెల్లం ముక్క, ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. ఈ రెండింటినీ ఆమె ఎప్పుడూ వెంట ఉంచుకునేది.

"రెండూ పంచదారేనండి. పటికబెల్లంలో అణువులు పాకం నుంచి తీరిగ్గా వచ్చి, ఒక వరుసలో, ఒక క్రమంలో కూర్చున్నాయి. పిప్పరమెంటు పాకాన్ని త్వరగా చల్లార్చేశారు. వరుస కట్టడానికి వాటికి వ్యవధి దొరకలేదు. పాకంలో ఎలా చెల్లాచెదురుగా ఉన్నాయో అలాగే బిగుసుకుపోయాయి. గాజు ఈ రెండో రకం. కూర్చున్న తీరు ద్రవంలాంటిది. కదలకుండా కూర్చోవడం మాత్రం ఘనానిది."

"కదలనే కదలవా?"

హైమవతి ఒక్క క్షణం తటపటాయించింది. నిజం చెప్పే అలవాటు వల్ల ఆమెకు జీవితంలో కలిగిన నష్టాల్లో ఇదొకటి.

"కంపిస్తాయండి. ఉన్నచోటనే అటూ ఇటూ ఊగుతుంటాయి."

"ఊగుతుంటాయి." ఆయన రాసుకున్నారు. "ఊగేదాన్ని ఘనమని ఎలా అంటామమ్మా?"

"అన్ని ఘనాల్లోనూ ఊగుతాయండి. ఈ బల్లలో కూడా."

ఆచార్య దక్షిణామూర్తి మోచేతులు బల్ల మీద నుంచి మెల్లగా తీసేశారు.

"బల్ల సంగతి తరువాత చూద్దాం," అన్నారు. "ముందు గాజు. మా పత్రంలో రెండు గడులున్నాయి. ఘనము, ద్రవము. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కూర్చోవడంలో ద్రవం, కదలకపోవడంలో ఘనం. ఏ గడిలో వేయమంటారు?"

"ఘనమండి. గడి అవసరమైతే మూడోది ఒకటి పెట్టించండి."

"మూడో గడి పెట్టాలంటే విద్యామండలి ఆమోదం, పాలకమండలి ఆమోదం, ఆపై రాజపత్రంలో ప్రకటన కావాలి. పద్దెనిమిది నెలలు. అంతవరకు గాజు ఏదో ఒక గడిలో ఉండాలి కదా? ఇప్పుడున్న గడిలోనే ఉండనివ్వండి. దానికేమీ ఇబ్బంది కలగదు."

పిప్పరమెంటు బిళ్ళను ఆయన నోట్లో వేసుకుని ఆమెను సాగనంపారు.

ఇబ్బంది ఏప్రిల్ ఎనిమిదిన కలిగింది. ఆ రోజు భూషణం తాఖీదు తీసుకుని హైమవతి ప్రయోగశాలకు స్వయంగా వచ్చాడు. నిబంధన పన్నెండు ప్రకారం రెండేళ్ళు దాటిన ద్రవాలను పారబోయాలి. ఆమె ప్రయోగశాలలో నలభై ఎనిమిది గిన్నెల గాజు ఉన్నట్టు చీటీలు చెబుతున్నాయి. వాటి మీద ఉన్న తేదీ ముప్పై ఒక్క సంవత్సరాల కిందటిది.

"ముప్పై ఒక్క ఏళ్ళు మేడమ్. పరీక్షల విభాగంలో సాంబారు కూడా అంతకాలం ఉంచలేదండి," అని ఆయన నిష్ఠూరంగా అన్నాడు.

ఆ గిన్నెల కథ విభాగంలో అందరికీ తెలుసు. హైమవతికి గురువైన ఆచార్య జంపన వరాహమూర్తి ఒక ప్రత్యేకమైన గాజును కరిగించి, పాయసం గిన్నెలంత ఉండే నలభై ఎనిమిది స్టీలు గిన్నెల్లో పోసి చల్లార్చాడు. మామూలు గాజు మెత్తబడాలంటే కొలిమి కావాలి. ఇది మరుగునీటి వేడికే మెత్తబడుతుంది. గిన్నెలను అరవై డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే వెచ్చటి అల్మారాలో పెట్టాడు. అతిశీతల స్థితిలో గాజును పరిశీలిస్తే, స్ఫటికంలో కనిపించని కొన్ని మందకొడి కంపనాలు అందులో అదనంగా కనిపిస్తాయి. ఆ అదనం ఎక్కడిది? గాజును వెచ్చగా, కదపకుండా, ఏళ్ళతరబడి వదిలేస్తే దాని అణువులు కొంచెం కొంచెంగా సర్దుకుంటాయి. అప్పుడు ఆ అదనం తగ్గుతుందా? ఆయన ప్రశ్న ఇంతే. జవాబుకు తొందరపడకూడదన్నది ఆయన పద్ధతి. ముప్పై ఏళ్ళు నిండాక తెరవమని చెప్పి, పదకొండవ ఏట కన్నుమూశాడు. గాజును అతిశీతలంగా చల్లబరిచి కంపనాలు కొలిచే శీతల పాత్ర గత ఏడాది పాడైంది. దాన్ని బాగుచేయించడానికి హైమవతికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడంతా సిద్ధంగా ఉంది. గిన్నెలు పోతే, మళ్ళీ పోసి ముప్పై ఏళ్ళు ఆగడానికి ఆమెకు అంత ఆయుర్దాయం లేదు.

"గడువు ఎప్పటివరకండి?" అని మాత్రం అడిగింది.

"వారం రోజులు మేడమ్. పదిహేనో తేదీన పారబోత సంఘం వస్తుంది. ఐదుగురం."

ఆయన వెళ్ళాక ప్రయోగశాల గాజు పనివాడు బొక్కా సత్తిరాజు లోపలి గదిలోంచి వచ్చాడు. విభాగానికి కావలసిన గాజు గొట్టాలు, బుడ్లు ముప్పై మూడేళ్ళుగా తన నోటితో ఊది చేసినవాడు. గురువు గారు ఆ గిన్నెలు పోస్తున్నప్పుడు పట్టకారు పట్టుకున్నది అతడే. ఆగస్టులో అతడి ఉద్యోగ విరమణ.

"మేడం గారండి, ఓ మాట చెబుతాను, తిట్టకండి. రాత్రికి రాత్రి మా ఇంటికి చేర్చేద్దావండి. మా ఆవిడ ఊరగాయ జాడీలెనకాల ఎట్టేత్తాది. దేవుడొచ్చినా కనిపెట్టలేడండి."

"అరవై డిగ్రీలు ఎవరు చూస్తారు సత్తిరాజు గారూ? ఒక్క పూట చల్లారినా, ఒక్క పూట వేడెక్కినా ముప్పై ఏళ్ళ లెక్క చెడిపోతుంది."

"ఆయ్, అదొకటుందండి." అతడు తల గోక్కున్నాడు. "పోనీ అదే మాట ఆళ్ళకి చెప్పండి."

"ఏమని? అల్మారాలోంచి తీస్తే పాడైపోతుందనా? వాళ్ళు పారబోయడానికి వస్తున్నారు. పాడుచేయడమే వాళ్ళ పని."

"అసలు పారబోయటవంటే ఎలాగండి? గిన్నెకి అతుక్కుపోయుంది కదండి గాజు. బోర్లించినా రాదు. ఆళ్ళు కొండెక్కి దూకినా రాదు."

"బోర్లించినా రాదు," అని హైమవతి తనలో తాను అనుకుంది. తరువాత అల్మారా పైనుంచి ద్రవ నియంత్రణ నిబంధనల పుస్తకం దించి, దుమ్ము దులిపి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇరవై తొమ్మిది నిబంధనలను అందరూ అమలు చేస్తున్నారు గానీ మొత్తం చదివినవారు అప్పటికి భూషణం ఒక్కడే. నాలుగు రోజుల్లో ఆమె రెండవ వ్యక్తి అయింది.

పదిహేనవ తేదీ ఉదయం పది గంటలకు సంఘం వచ్చింది. భూషణంతో పాటు నిర్వహణ విభాగం ఇంజినీరు, ఆరోగ్య కేంద్రం వైద్యుడు, న్యాయ సలహాదారు, సంఘంలో ఐదుగురు ఉండాలి గనుక తెలుగు శాఖ నుంచి ఒక ఆచార్యుడు. వెంట ఒక ప్లాస్టిక్ బకెట్టు తెచ్చారు. అల్మారాలో ఒక రేకు తొట్టి అమర్చి, దాని గొట్టాన్ని బకెట్టులోకి వదిలారు. ఏర్పాట్లు లోపరహితంగా ఉన్నాయి.

భూషణం చేతి తొడుగులు వేసుకుని, ఉత్తర్వు చదివి, మొదటి గిన్నెను తొట్టి మీద బోర్లించాడు.

ఐదుగురూ గొట్టం చివర వైపు చూశారు.

కొంతసేపు గడిచింది. భూషణం ఒకటొకటిగా నలభై ఎనిమిదింటినీ బోర్లించాడు. ఏ ఒక్కదానినుంచీ ఏమీ రాలేదు. తెలుగు ఆచార్యుడు జేబురుమాలుతో మొహం తుడుచుకుని, ఇక కూర్చోవచ్చునా అని అడిగాడు.

"గట్టిగా ఉందండి," అన్నాడు ఇంజినీరు.

"ద్రవం గట్టిగా ఉండదు," అని న్యాయ సలహాదారు సవరించాడు. "చిక్కగా ఉందనండి."

"గిన్నె వెనక సుత్తితో రెండు తగిలిస్తే వచ్చేస్తుంది. ఏవయ్యా, సుత్తి ఉందా?" ఇంజినీరు సత్తిరాజును అడిగాడు.

సత్తిరాజు సుత్తి ఉన్న సొరుగుకు అడ్డంగా నిలబడ్డాడు. హైమవతి పుస్తకం తెరిచింది.

"నిబంధన పదిహేడు, మొదటి భాగం. ద్రవమున్న పాత్రను కొట్టుట, కుదుపుట నిషేధం. తుంపరలు లేచి జవాబు పత్రాల మీద పడే ప్రమాదముంది కాబట్టి."

భూషణం తలాడించాడు. "అవును. పరీక్షల విభాగం తరఫున నేనే రాసిచ్చానండి అది."

"పోనీ కింద ఒక పొయ్యి పెట్టండి," అన్నాడు వైద్యుడు. "గడ్డకట్టిన నెయ్యి కరగదా? వేడికి అదీ కారుతుంది. పది నిమిషాల పని. నాకు రోగులున్నారు."

ఆ మాట ఆమె ఎదురుచూస్తున్నదే. పది నిమిషాల పనే. మరిగే నీళ్ళు చాలు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్దుబాటంతా క్షణాల్లో చెరిగిపోయి, నిన్న పోసిన గాజుకూ దానికీ తేడా లేకుండా పోతుంది.

"పదిహేడు, రెండవ భాగం," అని ఆమె చదివింది. "పారబోయు సమయమున ద్రవమును వేడిచేయరాదు, చల్లార్చరాదు. ఏ ఉష్ణోగ్రతలో ఉన్నదో, పారబోత ముగియు వరకు అదే ఉష్ణోగ్రతలో ఉంచవలెను."

న్యాయ సలహాదారు పుస్తకం తీసుకుని తానూ చదివాడు. వాక్యంలో ఎక్కడా సందు లేదని ధ్రువీకరించాడు.

భూషణం గిన్నెల వైపు, గొట్టం వైపు, మళ్ళీ గిన్నెల వైపు చూశాడు. ఒక పని తన చేతిలో పూర్తికాకుండా ఉండటం ఆయనకు ఇరవై ఏడేళ్ళలో ఎదురుకాలేదు.

"మేడమ్, మీరు దీని మీద పనిచేసినవారు. నిజం చెప్పండి. ఇది ఎప్పటికైనా పారుతుందా?"

అదే ఆమె భయపడిన ప్రశ్న. పారదని అంటే అది ద్రవం కాదు. అప్పుడు ఉత్తర్వును ధిక్కరించినట్టవుతుంది. గిన్నెలు జప్తయి, ఏ మూల గదిలోనో చల్లారిపోతాయి. పారుతుందని అంటే? ఆమె నాలుగు రోజులుగా లెక్క కట్టింది. కాలం కావలసినంత ఇస్తే కొండలు కూడా పారతాయి. ఆ లెక్కలో అబద్ధం లేదు.

"ఈ అరవై డిగ్రీల దగ్గర, దాని బరువుతో అది తొట్టిలోకి జారడానికి సుమారు ముప్పై రెండు లక్షల సంవత్సరాలు పడుతుందండి. అటూ ఇటూ పది రెట్లు."

వైద్యుడు గడియారం చూసుకున్నాడు.

"అటూ ఇటూ కుదరదండి," అన్నాడు భూషణం. "పత్రంలో ఒకే తేదీకి చోటుంది."

"అయితే ముప్పై రెండు లక్షలనే వేయండి."

"నెల?"

"ఏప్రిలే ఉంచండి."

ఆయన రాశాడు. సంవత్సరం గడిలో నాలుగు అంకెలకే చోటుండటం వల్ల మిగతావి అంచు దాటి బయటకు వచ్చాయి. ఆ పక్కన ఆయన పొట్టి సంతకం చేసి, పుస్తకంలో నిబంధన ఇరవై రెండు తీసి అందరికీ వినిపించేట్టు చదివాడు.

"ఒకసారి మొదలైన పారబోతను మధ్యలో నిలుపరాదు. పూర్తియగు వరకు పాత్రలను స్థానము నుండి తొలగించరాదు, ఆ గదిని వేరొక పనికి వాడరాదు. బాధ్యుడైన ఉద్యోగి ఒకరు నిరంతరము పర్యవేక్షించవలెను. నెలకొక పాత్రను మాత్రము, నిషేధములేవియు వర్తింపకుండ తీసి, శాస్త్రీయ పద్ధతిలో పరీక్షించి, పురోగతి నివేదిక పంపవలెను." తల ఎత్తి, "శాస్త్రీయ పద్ధతి అంటే మీరే చెప్పాలి మేడమ్," అన్నాడు.

"శీతల పాత్రలో పెట్టి అణువుల కంపనాలు కొలుస్తామండి. ఎంత సర్దుకుందో తెలుస్తుంది."

"అలాగే కానివ్వండి. పర్యవేక్షకుడు?"

"గాజు పని తెలిసినవారు సత్తిరాజు గారొక్కరే."

"ఈయన ఆగస్టులో విరమణ కదా?" అని న్యాయ సలహాదారు అడ్డుతగిలాడు.

"పూర్తియగు వరకు అని ఉందండి," అన్నాడు భూషణం. "పారబోత పూర్తయ్యేవరకు ఈయన విరమించడానికి వీల్లేదు."

సత్తిరాజు నెమ్మదిగా గోడకు ఆనుకున్నాడు. "ఆయ్, అంతేనంటారా?" అన్నాడు. "మా ఆవిడకి నేను చెప్పలేనండి బాబూ. తవరే ఓ కాయితం రాసివ్వండి."

చివరికి భూషణం ధ్రువపత్రం హైమవతి ముందు పెట్టాడు. మొదటి గడి: పారబోయుచున్న ద్రవము పేరు. అందులో ఆయన చక్కని గుండ్రటి అక్షరాలతో "గాజు" అని రాసి ఉంచాడు. కింద ఆమె సంతకం కావాలి.

ఆమె కలం తీసి ఆగిపోయింది. ఏళ్ళ లెక్క నిజం. నిబంధనల మాటలు నిజం. ఈ ఒక్క పదం మాత్రం, ఇరవై ఆరు తరగతుల విద్యార్థుల చేత తాను కొట్టివేయించిన పదం.

"ఇక్కడ ద్రవము బదులు పదార్థము అని మార్చవచ్చా భూషణం గారూ?"

"అచ్చయిన పత్రంలో కొట్టివేతలు ఉండకూడదు మేడమ్." ఆయన గొంతులో ఏ కాఠిన్యమూ లేదు. "మీకు అభ్యంతరమైతే పారబోత రద్దుచేసి, గిన్నెలు జప్తు చేస్తాం. నేను తొందరపెట్టను."

అల్మారాలో నలభై ఎనిమిది గిన్నెలు బోర్లపడి ఉన్నాయి. ఉష్ణోగ్రత చూపే అంకె అరవై దగ్గర నిలిచి ఉంది. ఆమె సంతకం చేసింది. వైద్యుడు అందరికంటే ముందు బయటపడ్డాడు.

బకెట్టును ఖాళీగా ఉంచకూడదన్న నిబంధన లేకపోవడం వల్ల అది అక్కడే ఉండిపోయింది.

మే నెల రెండవ వారంలో మొదటి గిన్నెను తీశారు. కొలతలకు తొమ్మిది రోజులు పట్టింది. గిన్నె స్టీలు దాచుకునే వేడిని విడిగా లెక్కకట్టి తీసేసి, నిరుడు పోసిన కొత్త గాజుతో పోల్చి చూశారు. కొలతలతో గీసిన వక్రరేఖలో మందకొడి కంపనాలను చూపే మూపురం కొత్త గాజు కంటే స్పష్టంగా తగ్గింది. పూర్తిగా మాయమవలేదు, ముప్పై ఒక్క ఏళ్ళు సర్దుకున్నా మిగిలిన భాగం మిగిలే ఉంది. హైమవతి రెండు రేఖలనూ ఒకే కాగితం మీద గీయించి, ఆ కాగితాన్ని ముందు పెట్టుకుంది. సత్తిరాజు వెనక నిలబడి చూశాడు.

"గురువు గారు అడిగింది ఇదేనాండి?"

"ఇదే. సగానికి జవాబు వచ్చింది. మిగతా సగం ఇంకో ప్రశ్న."

"ఆయనుంటే ఆ మిగతా సగానికే సంతోషపడేవోరండి."

పురోగతి నివేదికలో ఆమె బకెట్టులోని ద్రవ పరిమాణం సున్నా అని రాసింది. "ఇతర విశేషములు" అన్న గడికి మూడు పేజీలు, రేఖాపటంతో సహా, జతచేసింది. జూన్ ఆఖరున రిజిస్ట్రారు కార్యాలయం నుంచి జవాబు వచ్చింది.

"తమ నివేదిక పరిశీలించబడినది. ప్రస్తుతము విశ్వవిద్యాలయములో జరుగుచున్న నూట ఆరు పనులలో, ముందుగా ప్రకటించిన కాలపట్టిక ప్రకారము ఏ మాత్రము జాప్యము లేకుండా సాగుచున్న పని ఇది ఒక్కటే అని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. ఇందుకు తమకును, పర్యవేక్షకునికిని ప్రశంసలు. ఇతర విశేషములు అను గడికి మూడు పుటలు జతపరచుట మాత్రము గమనించబడినది. సదరు గడిలో సాధారణముగా 'ఏమియు లేవు' అని వ్రాయుట ఆచారము. ఇకపై అట్లే వ్రాయవలెను."

హైమవతి ఉత్తరాన్ని రెండుసార్లు చదివి సత్తిరాజుకు ఇచ్చింది. అతడు ప్రశంసల వాక్యం వరకు వేలితో చదివి, ఆ కాగితాన్ని భార్యకు చూపించడానికి జేబులో పెట్టుకున్నాడు. ఆమె జూన్ నెల పత్రం ముందుకు లాక్కుని, చివరి గడిలో "ఏమియు లేవు" అని రాసి సంతకం చేసింది. తరువాత ఇద్దరూ కలిసి రెండవ గిన్నెను శీతల పాత్రలోకి దించారు.